ఇంట్లో కారు ఆయిల్ మార్చాలి, కింద సిమెంటు ఇటుకలు పెట్టొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, కొర్లగుంట దగ్గర. నాన్న వాడిన 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఇప్పుడు నా చేతికొచ్చింది. ఆయిల్ నేనే మార్చుకోవాలని ఆశ. ఆయిల్, ఫిల్టర్, వాషర్ తెచ్చి పెట్టుకున్నా. కానీ కారు కిందికి చెయ్యి సరిగా పోవడం లేదు, ఎత్తక తప్పేట్టు లేదు. కారుతో వచ్చిన జాకీ ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు హాలో బ్రిక్స్ మిద్దె మీద ఉన్నాయి. జాకీతో ఎత్తి, ఇటుకలు పేర్చి, కింద దూరి పని కానిచ్చేద్దామనుకుంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. చిన్నాయన మాత్రం "హ్యాండ్ బ్రేక్ లాగి ఫస్ట్ గేర్‌లో పెడితే కారు యాడికి పోతుందిరా" అంటున్నాడు. మా ఇంటి ముందు ర్యాంపు కొంచెం ఏటవాలు, కారు పెట్టేది దాని మీదే. ఎవరి మాట వినాలి? ఏం కొనాలి? ఎలా ఎత్తాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, ఈ విషయంలో అమ్మ మాటే వినండి. ఆ ఇటుకలు వద్దు. ఆ జాకీని నమ్మి కారు కింద దూరొద్దు. ఆ ర్యాంపు మీద కారు ఎత్తడం అసలే వద్దు. ఆయిల్ మాత్రం మీరే మార్చుకోండి, అది మంచి కోరికే. దానికి ముందు చేయాల్సిన ఏర్పాటు గురించే ఈ జవాబులో ఎక్కువగా రాస్తున్నాను. ఆయిల్ మార్చడంలో తప్పు జరిగితే నాలుగు చుక్కలు కారతాయి. ఎత్తడంలో తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం ఉండదు.

మీ కారు దాదాపు ఒక టన్ను బరువు. ఇంజిన్ ముందుంటుంది కాబట్టి ఆ బరువులో సగానికి పైగా ముందు చక్రాల మీదే పడుతుంది. నేల మీద మామూలుగా నిలబడి ఉన్నప్పుడు కారు అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ 170 మిల్లీమీటర్లు. జానెడు కూడా లేదు. వెల్లకిలా పడుకున్న మనిషి ఛాతీ అంతకంటే ఎత్తుగా ఉంటుంది. "జారినా టైర్లున్నాయి కదా, పూర్తిగా నేలకు ఆనదు కదా" అని చాలామంది ధైర్యం చెప్పుకుంటారు. టైర్లు నాలుగూ ఉన్నా మనిషి పట్టేంత చోటు అక్కడ లేదు.

కారుతో వచ్చే జాకీ పంక్చర్ పడినప్పుడు స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చింది. అప్పుడు మనం పక్కన కూర్చుని పని చేస్తాం, కింద దూరం. దాని అడుగు చిన్నది, పైన తల ఇంకా చిన్నది, మధ్యలో ఉన్నది ఒకే ఒక మర. నిలువుగా వచ్చే బరువును బాగానే మోస్తుంది. కారు పక్కకు నాలుగు వేళ్ల మేర కదిలితే మాత్రం ఒరిగిపోతుంది. మీరు కింద పడుకుని బిగుసుకుపోయిన డ్రెయిన్ బోల్టును స్పానర్‌తో లాగుతారు చూడండి, సరిగ్గా అప్పుడే కారు పక్కకు ఊగుతుంది. బాటిల్ జాకీ, ట్రాలీ జాకీ పెద్దవే అయినా వాటి లోపల బరువు ఆపేది నూనె ఒత్తిడి, దాన్ని పట్టి ఉంచేది రబ్బరు సీలు. సీలు పాతదైతే మెల్లగా దిగుతుంది, తెగితే ఒక్కసారిగా దిగుతుంది. అందుకే ఏ జాకీ అయినా కారును పైకి లేపే వరకే. లేపాక మోయడానికి కదిలే భాగాలు లేని ఆధారం వేరే ఉండాలి.

ఆ ఆధారం ఇటుక కాకూడదు. హాలో బ్రిక్‌తో కట్టిన గోడ మిద్దెను మోస్తోంది కదా, కారును మోయదా అని మీకు అనిపించవచ్చు. గోడలో బరువు ఇటుక పైభాగమంతా సమంగా పరుచుకుంటుంది, చుట్టూ సిమెంటు పట్టి ఉంటుంది. కారు కింద పెట్టినప్పుడు బరువంతా సన్నటి రేకు అంచు మీదుగా ఒకే గీత మీద దిగుతుంది. ఇటుకలో కంటికి కనిపించని చీలిక ఎక్కడో ఉంటే చాలు, అక్కడి నుంచే పగులుతుంది. బొందలు పక్కకు ఉండేలా పడుకోబెడితే ఇంకా బలహీనం. ఇనుము విరిగే ముందు చాలావరకు వంగుతుంది. గట్టి చెక్క కిర్రుమంటుంది. సిమెంటు ఇటుక ఏ సూచనా ఇవ్వదు, పది నిమిషాలు నిక్షేపంగా మోసి పదకొండో నిమిషంలో పొడి అవుతుంది. బూడిద ఇటుకా, ఎర్ర ఇటుకా అంతే. మన చిత్తూరు వైపు గ్రానైట్ ముక్కలు ఊరికే దొరుకుతాయి కాబట్టి కొందరు వాటిని పేరుస్తారు. అవీ పెళుసే, పైగా నున్నగా ఉన్న వైపు ఇనుము జారిపోతుంది. రాయి, ఇటుక దేన్నీ కారు బరువు కిందికి తేకండి. అవి ఇంట్లో ఉన్నాయన్న ఒక్క కారణంతో వాడాలనిపిస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక చిన్నాయన గారి మాట. చదునైన నేల మీద నాలుగు చక్రాలూ ఆనించి నిలబెట్టిన కారుకు ఆయన చెప్పింది సరిపోతుంది. కానీ మీ కారులో గేరు పట్టుకునేది ముందు చక్రాలను, హ్యాండ్ బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలను. ఆయిల్ కోసం ముందు భాగం ఎత్తి గాల్లో ఉంచాక గేరు వేసినా వేయకున్నా ఒకటే, ఎందుకంటే ఆ చక్రాలు నేల మీద లేవు. ఇక కారును ఆపి ఉంచేది వెనక హ్యాండ్ బ్రేక్ ఒక్కటే. దాని కేబుల్ సాగి ఉండవచ్చు, షూలు అరిగి ఉండవచ్చు. మీది పదేళ్లు దాటిన బండి. అందుకే వెనక రెండు చక్రాలకూ ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాలి. లారీ క్లీనర్లు వాడే మూలచెక్కల్లాంటివి నాలుగు, టైరుకు గట్టిగా ఆనేలా. ఒక వైపు మాత్రమే పెట్టడం చాలదు, జాకీ లేపేటప్పుడు కారు ముందుకైనా వెనక్కైనా కదలవచ్చు. గేరు, హ్యాండ్ బ్రేక్ కూడా వేయండి, వద్దని కాదు. వాటినే నమ్ముకోవద్దంటున్నాను.

ఇప్పుడు చోటు గురించి. పనిముట్ల కంటే ఇది ముఖ్యమని నా అభిప్రాయం. మన ఊళ్లో ఇళ్లన్నీ రోడ్డు కంటే ఎత్తు పెట్టి కడుతున్నాం, కాబట్టి గేటు ముందు ర్యాంపు నిటారుగా వస్తుంది. అక్కడ ఎత్తితే కారు బరువు నిలువుగా కాకుండా వాలు వైపు లాగుతూ ఉంటుంది, ఎంత మంచి స్టాండ్ పెట్టినా అది పక్కకు తోపుడు తినాల్సిందే. అపార్ట్‌మెంట్ల కింద పార్కింగ్ చదునుగా ఉంటుంది కానీ నున్నటి టైల్స్ వేసి ఉంటే జారుతుంది, అక్కడ కింద పాత రబ్బరు మ్యాట్ వేయాలి. తారు రోడ్డు మీదైతే రోహిణి కార్తె ఎండలకు తారు మెత్తబడి స్టాండ్ కాళ్లు దిగబడతాయి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్లలో ఖాళీ స్థలాలు చదునుగా కనిపిస్తాయి గానీ, కార్తీకమాసం వానల తర్వాత ఆ మట్టి పైకి గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. మట్టి మీద పని చేయక తప్పకపోతే స్టాండ్ల కిందా జాకీ కిందా ముప్పావు అంగుళం మందం ప్లైవుడ్ ముక్కలు వేయండి. అన్నిటికన్నా మంచిది చదునైన సిమెంటు గచ్చు. మీ ఇంటి గేటు లోపల పోర్టికో చదునుగా ఉండి, కారు పూర్తిగా లోపలికి వస్తే అదే చోటు. లేదంటే చదునైన గచ్చు ఉన్న స్నేహితుడి ఇంటికి తీసుకెళ్లండి. చదును ఉందో లేదో చూడటానికి తాపీ మేస్త్రీ రసమట్టం అక్కర్లేదు, కారును న్యూట్రల్‌లో పెట్టి బ్రేక్ వదిలితే అదే చెబుతుంది. కదిలితే అది మనకు పనికొచ్చే చోటు కాదు.

ఏం కొనాలి అన్నారు. ఆయిల్ మార్చడం కోసమే అయితే నా ఓటు కార్ ర్యాంపులకు. రెండు ఇనుప ర్యాంపులు, వాటి మీదికి ముందు చక్రాలను మెల్లగా ఎక్కిస్తారు. చక్రాలు విప్పే పని లేదు, కారు తన టైర్ల మీద తానే నిలబడుతుంది, ముందు చక్రాలు ర్యాంపు మీద ఆని ఉంటాయి కాబట్టి గేరు కూడా పట్టుకుంటుంది. జాకీ ఎక్కడ పెట్టాలి, స్టాండ్ ఎక్కడ పెట్టాలి అన్న తలనొప్పే రాదు. ప్రమాదమల్లా ఎక్కించేటప్పుడే. ర్యాంపు జారి ముందుకు పోవచ్చు, లేదా మనమే ఎక్కువ రేస్ ఇచ్చి అవతలికి దూకించవచ్చు. కింద రబ్బరు మ్యాట్ వేయండి, చక్రాలు నిటారుగా ర్యాంపుకు సూటిగా ఉన్నాయో లేదో చూడండి, ఒకరిని పక్కన నిలబెట్టి చెప్పించుకోండి. ఎదురుగా మాత్రం ఎవరూ నిలబడకూడదు. మార్కెట్లో దొరికే ర్యాంపుల్లో కొన్ని నిటారుగా ఉండి ముందు బంపర్‌కు తగులుతాయి, కొనేముందు వాలు చూసుకోండి.

ఇనుపవి దొరక్కపోతే సామిల్లుకు వెళ్లి రెండు అంగుళాల మందం, కనీసం పది అంగుళాల వెడల్పు ఉన్న గట్టి చెక్క పలకలు కోయించండి. కింద పొడవాటిది, దాని మీద కాస్త పొట్టిది, పైన ఇంకా పొట్టిది, మూడు మెట్లుగా పేర్చి వడ్రంగి చేత గట్టిగా బిగించుకోండి. చివర చక్రం దాటిపోకుండా ఒక అడ్డుపట్టీ కొట్టించండి. పై మెట్టు మీద టైరు పూర్తిగా కూర్చునేంత పొడవు ఉండాలి. ఆరంగుళాల ఎత్తు వస్తుంది, ఆయిల్ పనికి అది చాలు. ఒక్కో ముందు చక్రం మీద సుమారు మూడు వందల కిలోలు పడతాయి. పగుళ్లు, పుచ్చు లేని నిండు చెక్క ఆ బరువును సునాయాసంగా మోస్తుంది. ప్లైవుడ్ పెట్టెలాంటివి, లోపల డొల్లగా ఉండేవి చేయించుకోవద్దు.

రేపు బ్రేక్ ప్యాడ్లు కూడా నేనే మార్చుకుంటాను అనుకుంటే మాత్రం ట్రాలీ జాకీ, రెండు జాకీ స్టాండ్లు తీసుకోండి. స్టాండ్లలో రెండు రకాలు. పళ్లు ఉండి లివర్‌తో ఆగేవి ఒకటి, కన్నంలోంచి మందపాటి పిన్ను దూర్చేవి ఒకటి. 2020లో అమెరికాలో ఒక పెద్ద అంగడి సంస్థ తాను అమ్మిన పళ్ల రకం స్టాండ్లను లక్షల్లో వెనక్కి తీసుకుంది. పళ్లలో కొక్కెం సరిగా కూర్చోక బరువు మీద జారుతున్నాయని. పళ్ల రకమంతా చెడ్డదని కాదు. కానీ పిన్ను రకంలో పాడయ్యేది తక్కువ, పిన్ను దూరిందో లేదో కంటితో చూసి తెలుసుకోవచ్చు. మీరు మొదటిసారి కొంటున్నారు కాబట్టి అదే తీసుకోమంటాను. ఎన్ని టన్నులు మోస్తుందో స్టాండ్ మీద రాసి ఉంటుంది, ఆ లెక్క ఒక్కదానికా జతకా అని అడగండి.

స్టాండ్లతో చేసేవాళ్లకు మొదటిసారే ఒక చిక్కు ఎదురవుతుంది. ముందు చక్రం వెనక, డోర్ కింద రేకు అంచుకు రెండు గాట్లు ఉంటాయి, కంపెనీ జాకీ పెట్టే చోటు అదే. స్టాండ్ పెట్టాల్సిన గట్టి చోటు కూడా అదే. జాకీ అక్కడుంటే స్టాండ్ ఎక్కడ పెట్టాలి? ఇక్కడే చాలామంది స్టాండ్‌ను తోచిన రేకు కింద పెట్టేస్తారు, అది లోపలికి నొక్కుకుపోతుంది. దారి ఏమిటంటే, ట్రాలీ జాకీతో ముందు వైపు మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపించిన చోట లేపి, స్టాండ్లను గాట్ల మధ్య రెండు వైపులా పెట్టడం. ఆయిల్ చాంబర్ కిందా, గేర్ బాక్స్ కిందా జాకీ పెట్టి లేపకండి, పగిలితే ఆయిల్ మార్చడానికి వెళ్లి ఇంజిన్ విప్పించుకోవాలి. మాన్యువల్ పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌ది వెతికి దించుకోండి, ఆ బొమ్మ చూడకుండా జాకీ హ్యాండిల్ తిప్పకండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కారు ముందు భాగం పైకి లేస్తుంటే అది నిట్టనిలువుగా లేవదు, వెనక చక్రాల చుట్టూ కొద్దిగా వంపు తిరుగుతూ లేస్తుంది. ఆ కదలికకు తగ్గట్టు ట్రాలీ జాకీ తన చక్రాల మీద అంగుళమో రెండంగుళాలో జరగాలి. కాబట్టి జాకీ చక్రాలకు అడ్డు పెట్టకండి, కంకర మీదా టైల్స్ సందుల మీదా పెట్టకండి. జాకీ జరగలేకపోతే దాని తల కారు కింద నుంచి జారుతుంది.

లేపి, స్టాండ్లు రెండూ ఒకే ఎత్తులో పెట్టి, జాకీని చాలా మెల్లగా వదులుతూ బరువును స్టాండ్ల మీదికి దించండి. స్టాండ్ నాలుగు కాళ్లూ నేలకు ఆనాయా, తల మధ్యలో అంచు సరిగా కూర్చుందా అని వంగి చూడండి. తర్వాత జాకీని పూర్తిగా తీసేయకుండా, తాకీ తాకనట్టు అక్కడే ఉంచండి. స్టెప్నీని డిక్కీలోంచి తీసి డోర్ కింద పడుకోబెట్టి లోపలికి తోయండి, మీరు ఏ వైపు నుంచి దూరతారో ఆ వైపు. అప్పుడు కారు పక్కకు నిలబడి రెండు చేతులతో గట్టిగా ఊపండి. మొహమాటం లేకుండా, స్పానర్ లాగేటప్పుడు వచ్చే కుదుపు కంటే ఎక్కువగా ఊపండి. పడేదైతే మీరు బయట ఉన్నప్పుడే పడాలి. ర్యాంపుల మీద ఎక్కించినా ఈ పరీక్ష తప్పదు.

కారు తాళం మీ జేబులోనే ఉండాలి. లోపల ఎవరూ కూర్చోకూడదు, పాటలు వినడానికైనా సరే. వీధిలో క్రికెట్ ఆడే పిల్లలుంటే బంతి కోసం కారు కిందికి దూరుతారు, గేటు వేసుకోండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. ఉన్నవాళ్లకు ముందే ఒక విషయం చెప్పి ఉంచండి: ఏదైనా జరిగితే కారును చేతులతో ఎత్తబోవద్దు, పక్కనే ఉన్న జాకీతో లేపాలి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆ జాకీ ఎలా తిరుగుతుందో అమ్మకైనా చిన్నాయనకైనా ఒకసారి చూపించండి. ఇది అశుభం మాట్లాడటం కాదు.

ఆయిల్ సంగతి క్లుప్తంగా చెబుతాను, మీరు తెలుసుకునే ఉన్నారు కాబట్టి. ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి ఆపి, ఒక పావుగంట ఆగి విప్పండి. గోరువెచ్చగా ఉంటే మడ్డితో సహా దిగుతుంది. తిరుమల ఘాట్ దిగి ఇంటికి వచ్చిన వెంటనే మాత్రం ముట్టుకోవద్దు, ఆయిలూ సైలెన్సర్ పైపూ కాలుతుంటాయి, కనీసం గంట వదిలేయండి. బోల్టు చివరి చుట్లు తిప్పేటప్పుడు ముఖం దాని కింద ఉంచకండి. ముందు భాగం ఎత్తి ఉంటే, కారు చదునుగా నిలబడ్డప్పుడు దిగినంత పూర్తిగా ఆయిల్ దిగకపోవచ్చు, ఇంకాసేపు ఓపిక పట్టండి. మీ డీజిల్ ఇంజిన్‌లో ఫిల్టర్ ఒక మూత లోపల ఉంటుంది; పాత ఫిల్టర్ తీశాక ఆ మూత రబ్బరు రింగు పాతది మిగిలిపోయిందేమో చూడండి, దాని మీద కొత్తది వేసి బిగిస్తే ఆయిల్ అంతా కక్కేస్తుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, మూతను మాన్యువల్‌లో చెప్పినంత బిగువుకే బిగించండి. ఏ గ్రేడు, ఎన్ని లీటర్లు అన్నది మాన్యువల్ ప్రకారమే పోయండి. కారు కిందికి దించి, చదునైన చోట కాసేపు నడిపి ఆపి, కొన్ని నిమిషాలాగి గేజీ (డిప్‌స్టిక్) చూస్తేనే సరైన లెక్క. ఎత్తి ఉన్నప్పుడు చూసింది లెక్కలోకి రాదు. కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడితే కంగారు పడకండి, డీజిల్ ఇంజిన్‌లో అది మామూలే.

ఇదంతా చదివాక, చదునైన చోటు దొరకదు, ర్యాంపులు పెట్టుకోవడానికి ఇంట్లో స్థలం లేదు అనిపిస్తే ఇంకో పద్ధతి ఉంది. డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి పైపు దించి పాత ఆయిల్‌ను పైనుంచే లాగే చేతి పంపులు దొరుకుతాయి. అడుగున కొంచెం మిగులుతుంది, ఫిల్టర్ చోటు బట్టి దానికి చెయ్యి అందకపోవచ్చు, కానీ కారు కింద దూరే పనే ఉండదు. లేదా లిఫ్టు గానీ గొయ్యి గానీ ఉన్న షెడ్డుకు మీ ఆయిల్, ఫిల్టర్ తీసుకెళ్లి, పక్కన నిలబడి చేయించుకోండి. మొదటిసారి అలా చూసి వస్తే బోల్టు ఎక్కడుందో, ఎంత బిగువుందో కూడా తెలుస్తుంది. నా సలహా, ఈ ఒక్కసారికి అలా చేసి, వచ్చేసారికి ర్యాంపులు సిద్ధం చేసుకోమనే.

దించిన పాత ఆయిల్‌ను కాలవలో పోయకండి. మన కాలవల నీళ్లు చివరికి స్వర్ణముఖి వైపే పోతాయి. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాల్లో వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కింద ఉంది. చెదలు పట్టకుండా వాసాలకు పూయడానికని పల్లెల్లో అడిగి తీసుకుంటారు, ఇంట్లో మనుషులు తిరిగే చోట అదీ మంచిది కాదు. పాత ఆయిల్ డబ్బాలోనే తిరిగి పోసి, మూత బిగించి, ఫిల్టర్‌ను ఆయిల్ కారిపోయేదాకా బోర్లించి ఉంచి, రెండూ షెడ్డులో ఇచ్చేయండి. పెద్ద షెడ్లలో దానికోసం డ్రమ్ములు ఉంటాయి, ఆయిల్ కొనేవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు.